పేరు దింపే మనిషి

ముసలమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కాశీబుగ్గలో ఒక జీడిపప్పు దుకాణం షట్టరు మీద అక్షరాలు రాస్తున్నాను. వెంటనే నిచ్చెన దిగలేదు. చేతిలో ఉన్న అక్షరం పూర్తి చేసి, బ్రష్షు టర్పెంటైన్ డబ్బాలో ముంచి, అప్పుడు దిగి మెట్టుమీద కూర్చున్నాను. సగం అక్షరం వదిలేసి లేచానని తెలిస్తే ఆవిడ ఊరుకునేది కాదు.

"ఎవరు, చుట్టాలా?" అని దుకాణం ఆయన అడిగాడు.

"కాదండీ. కలిసి పని చేసేవాళ్లం" అన్నాను.

ఎండుచేపలు అమ్ముకునే, అక్షరం ముక్క రాని ఎనభై ఏళ్ల మనిషితో బోర్డులు రాసేవాడు కలిసి చేసే పనేమిటో ఆయనకు అర్థం కాలేదు. ఆ పని ఇప్పుడు మా తీరంలో ఎవరూ సరిగ్గా చేయడం లేదు. అది ఆగిపోవడానికి కొంత కారణం నేనే. కాబట్టి ఆవిడ గురించి రాయవలసినవాణ్ణి కూడా నేనే అనుకుంటున్నాను.

సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఊళ్లలో పడవ చేతులు మారితే పేరు కూడా మారుతుంది. కొన్నవాడు తన ఇంటి అమ్మవారి పేరో, తల్లి పేరో పెట్టుకోవాలనుకుంటాడు. అయితే కొట్టుకు బోర్డు మార్చినట్టు పడవకు పేరు మార్చడం కుదరదు. ముందు పాతపేరు దింపాలి. తర్వాత కొత్తపేరు ఎక్కించాలి. దింపడం ముసలమ్మ పని, ఎక్కించడం నా పని. ఫ్లెక్సీలు వచ్చి మా బోర్డుల పని చాలావరకు పోయినా పడవల పని మాత్రం మిగిలింది. ఉప్పు నీళ్లకు స్టిక్కరు నిలబడదు, ఎనామిల్ రంగే నిలబడుతుంది. అలా మేమిద్దరం పదకొండేళ్లు కలిసి పనిచేశాం.

వారానికి రెండుసార్లు ఆవిడ గంపతో ఆటోలో కాశీబుగ్గ బజారుకు వచ్చేది. గంప ఖాళీ అయ్యాక నా కొట్టు ముందు ఆగేది. లోపలికి రాదు, కూర్చోదు. నోట్లో చుట్ట. ఆ ఊళ్ల ఆడవాళ్లు చాలామంది కాల్చినట్టే నిప్పున్న కొసను నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేది. నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది. ఒక్క మాట కూడా తడబడేది కాదు.

"ఒరే రంగులోడా, ఎల్లుండికి వల ఆరిపోద్ది. వచ్చీ."

అంతే. ఎవరి పడవ, ఏం పేరు, ఏమీ చెప్పదు. నాకు వేరే పని ఉందేమో అడగదు. ఒకసారి ధైర్యం చేసి, "ఎల్లుండి నాకు పలాసలో గోడ ఉందత్తా" అన్నాను.

"గోడ ఎక్కడికైనా పోద్దేటి? పడవ పోద్ది" అని గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

నేను పడవ దగ్గరికే వెళ్లాను.

వల ఆరడం ఆవిడ నియమాల్లో మొదటిది. తడి వల ఉందంటే పడవ ఇంకా పనిలో ఉన్నట్టు. "అన్నం తింటన్నోడి ముందునుంచి కంచం లాగుతామేటి?" అనేది. రెండో నియమం, పాతపేరు మీద రంగు పూసి దాని మీదే కొత్తపేరు రాయకూడదు. పాతది జాడ లేకుండా పోవాలి. నేను థిన్నరు పూసి మెత్తబరిస్తే, ఆవిడ తడి ఇసుక, కొబ్బరి పీచు పెట్టి తోమేది. అదీ ఆఖరి అక్షరంతో మొదలుపెట్టి మొదటి అక్షరం దాకా.

"ఎందుకత్తా తిరగేసి?" అని మొదటి రోజుల్లో అడిగాను.

"రాసిన దారంట తీత్తే సముద్రం సదివీద్దిరా. ఎవులు పోతన్నారో దానికి తెలిసిపోద్ది. తిరగా తీత్తే దానికి పోలిక దొరకదు."

ఆవిడకు చదవడం రాదు. సముద్రానికి వచ్చునని మాత్రం గట్టిగా నమ్మేది.

పాతపేరు పోయాక ఒక పోటు వచ్చి వెనక్కి తగ్గేదాకా కొత్తపేరు రాయకూడదు. పొద్దున్నే దింపితే మధ్యాహ్నం దాటాకే నా బ్రష్షుకు పని. ఆ మధ్యవేళంతా పడవకు పేరు ఉండదు. ఎవరూ దాన్ని ఎక్కకూడదు, ముట్టుకోకూడదు, కాకి కూడా వాలకూడదు. ముసలమ్మ సరుగుడు కర్ర పట్టుకుని పక్కనే కూర్చుని కాకుల్ని, కుక్కల్ని, మగవాళ్లను ఒకేలా అదిలించేది.

"పేరు నేని పడవంటే కోక మార్సుకుంటన్న ఆడదిరా. ఏటా సూపు? అటు తిరగండి!"

మీసాలు తిరిగిన వాళ్లు, నెరిసిన వాళ్లు అందరూ సముద్రం వైపు తిరిగి నిలబడేవారు. ఎవరూ నవ్వేవారు కాదు.

ఒకసారి చేపల శాఖ నుంచి ఒక కుర్ర ఉద్యోగి వచ్చాడు. రిజిస్ట్రేషన్ నంబరు ముందు రాయించండి, పేరు తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. ముసలమ్మ చుట్ట తీసి నా చేతికిచ్చింది. అలా ఇచ్చిందంటే పెద్ద మాట వస్తోందని అర్థం.

"బాబూ, నీకు పెళ్లయిందా?"

"అయిందండి."

"పిల్లలా?"

"ఒక పాప."

"దాన్ని బారసాల సెయ్యకుండా బళ్లో ఏసినావేటి? ముందు పేరు. ఆపైన నీ నంబరు ఎక్కడ రాసుకుంతావో రాసుకో, నానడ్డం రాను."

ఆ అబ్బాయి నవ్వేసి నీడలో కూర్చున్నాడు. పోటు తగ్గేదాకా ఉండి, పేరు రాయడం అయ్యాకే నంబరు వేయించుకుని వెళ్లాడు.

అక్షరాలు రాకపోయినా నా రాతలో తప్పు ఆవిడకు దొరికేది. ఒకసారి రంగు చాలక చివరి రెండక్షరాలు కొంచెం సన్నంగా లాగించాను. పడవ యజమాని బాగుందన్నాడు. నలుగురూ బాగుందన్నారు. ఆవిడ కొనబోయే చేపను తిప్పి చూసినట్టు తల అటూ ఇటూ వంచి చూసి, "దీనికి కడుపు నిండనేదురా. ఆకలితో సముద్రంలోకి ఎలాగెల్తాది?" అంది. నేను సైకిలు వేసుకుని నౌపడ దాకా వెళ్లి రంగు తెచ్చాను.

ఇంత చెప్పానుగాని, అసలు సంగతి చెవిలో పేరు. పడవ పక్కల మీద నేను రాసేది ఊరి కోసం. ప్రతి పడవకూ యజమాని దాని చెవిలో చెప్పే పేరు ఇంకొకటి ఉంటుంది. పడవ ముక్కు దగ్గర వంగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కసారే చెబుతాడు. సముద్రంలో ప్రాణం మీదికి వస్తే ఆ పేరుతో పిలవాలి, పడవ పలుకుతుంది. అది ఎవరికీ తెలియకూడదు. తెలిసిపోతే పడవ పలకదు, ఎవరూ దాన్ని ఎక్కరు. అమ్మినప్పుడు అమ్మినవాడు వచ్చి, ఆ పేరును ముసలమ్మ చెవిలో చెప్పి వెనక్కి తీసుకోవాలి. కొన్నవాడు తాను పెట్టే చెవిపేరు చెప్పేటప్పుడు ఆవిడ పక్కన నిలబడాలి. అంటే ఆ తీరంలో ఎన్ని పడవలున్నాయో అన్ని చెవిపేర్లూ ఆవిడకు తెలుసు. పుట్టి పోయిన పిల్లలవి, మొదటి భార్యలవి, చిన్నప్పుడే తప్పిపోయిన అన్నదమ్ములవి. మనిషి నోరు తెరిచి చెప్పుకోలేని పేర్లే ఎక్కువగా ఉండేవి.

"ఇవన్నీ ఎక్కడ దాస్తావత్తా?" అని అడిగాను.

ఆవిడ పొట్టమీద తట్టుకుంది. "ఇక్కడ. తల్లో ఎట్టుకుంతే నోట్లోకి దిగీత్తాయి."

నేను ఆఖరి అక్షరంలో ఒక కొమ్మో సున్నానో వదిలేసి పది అడుగులు అవతలికి పోవాలి. చెవిలో పేరు చెప్పడం అయ్యాక వచ్చి పూర్తి చేయాలి. మొదట్లో పోయేవాణ్ణి. తర్వాత ఒకరోజు ఏదో మరిచిపోయి, పడవకు రెండో వైపు నుంచి వెనక్కి వచ్చాను. చెక్క పడవ అయితే వినపడేది కాదు. ఫైబర్ పడవ లోపల డొల్ల. ముక్కు దగ్గర గుసగుస చెబితే అటుపక్క చెవి ఆనించినవాడికి స్పష్టంగా వినపడుతుంది. ఆ మొదటిసారి అనుకోకుండా విన్నాను. తర్వాత మూడుసార్లు కావాలనే విన్నాను. గీతలు కొలుస్తున్నట్టు నటిస్తూ చెవి ఆనించాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను. కానీ ఆ మనుషులు బజారులో ఎదురుపడితే, వాళ్ల గుట్టు నా జేబులో ఉందన్న గర్వంతో పలకరించేవాణ్ణి. ఆ గర్వం వల్లే తర్వాతది జరిగింది. ఇందులో తాగుడుకు పెద్ద పాత్ర ఉందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. లేదు.

పద్నాలుగేళ్ల కిందట, ఆ ఊరిలో నా వయసువాడే ఒకతను పక్క రేవునుంచి ఫైబర్ పడవ కొన్నాడు. నన్ను బావా అనేవాడు. అతని భార్య ఆ ఊళ్లో పది దాకా చదివిన మొదటి ఆడమనిషి. ఆ రోజు అన్నీ పద్ధతిగా జరిగాయి. అమ్మినాయన వచ్చి తన చెవిపేరు వెనక్కి తీసుకున్నాడు. ముసలమ్మ తోమింది. పోటు వచ్చి తగ్గింది. నేను వాళ్ల అమ్మవారి పేరు రాసి, ఆఖరి కొమ్ము వదిలి అవతలికి పోయి, అలవాటు ప్రకారం రెండో వైపు నుంచి వచ్చి చెవి ఆనించాను.

ఒక ఆడపేరు. భార్యది కాదు, తల్లిది కాదు, అమ్మవారిది కాదు. అతనికి ఇస్తామని మాటనుకుని, తర్వాత సుమ్మాదేవి ఊరి వైపు వేరే ఇంటికి ఇచ్చేసిన ఒక అమ్మాయి ఉండేదని అంతకుముందే టీకొట్లో విన్నాను. ఆ తీరంలో అలాంటి పేరు ఇంకొకరికి లేదు.

పని అయ్యాక ముసలమ్మ స్నానానికి ఇంటికి వెళ్లింది. సరుగుడు తోట నీడలో మగవాళ్లం కల్లు ముందేసుకుని కూర్చున్నాం. పడవ కొన్నతను సంతోషంగా ఉన్నాడు.

"మా బావ రాత రాతే! అయితే ఏటి లాభం, ఊరోడు. సముద్రం సంగతులు ఇతగాడికేటి తెలుత్తాయి? మనం సెప్పింది రాత్తాడు, పోతాడు" అన్నాడు.

అందరూ నవ్వారు. పదకొండేళ్లుగా వాళ్లతో తింటున్నాను, తాగుతున్నాను. ఊరోడు అన్న మాట నాకు గుచ్చుకుంది. నాకేం తెలుసో ఇతనికి ఒక్కడికే చూపిస్తాను అనుకున్నాను. డబ్బాలో ఎర్ర రంగు కొంచెం మిగిలింది. పడవ వెనక్కి వెళ్లి, ఇంజను బిగించే చోట, చిన్న అక్షరాలతో ఆ పేరు రాశాను. అతన్ని పిలిచి, మొహం మారడం చూసి, వెంటనే తుడిచేద్దామని నా ఉద్దేశం. థిన్నరు గుడ్డ నా చేతిలోనే ఉంది.

అతన్ని పిలవడానికి నేను తోటలోకి నడిచిన కాసేపట్లో అతని భార్య హారతి పళ్లెం పట్టుకుని వచ్చింది. పడవ చుట్టూ తిరుగుతూ వెనక ఆగింది. ఆగి, చదివింది. గట్టిగానే.

"ఇదెవుల పేరు?"

తోటలోంచి అందరం పరుగున వచ్చాం. మొగుడి మొహం చూసింది. అక్కడున్న పెద్దవాళ్లలో సగం మందికి పాత సంగతి తెలుసు. వాళ్ల మొహాలూ చూసింది. పడవ ఎక్కవలసిన వాళ్లలో ఒకతను మెల్లగా వెళ్లి పడవ మీద ఆరేసిన తన తువ్వాలు తీసుకున్నాడు. చెవిలో పేరు బయటపడిందని అతనికి అర్థమైంది. ఆమె పళ్లెం ఇసుక మీద పెట్టేసింది.

"నాను మా అమ్మోలింటికి పోతన్నాను" అంది.

థిన్నరు గుడ్డ పట్టుకుని నేను అక్కడే నిలబడి ఉన్నాను. నేనే విన్నాను, నేనే రాశాను అని చెప్పవలసిన సమయం అది. నోరు రాలేదు. చెబితే ఈ తీరంలో మళ్లీ నాకు పని దొరకదన్న ఆలోచన అంత గొడవలోనూ నాకు వచ్చింది. అది నాకు బాగా గుర్తుంది.

ఆ పేరు ఇంటిదాకా వినపడిందేమో, తడి జుట్టుతో ముసలమ్మ వచ్చింది. జనాన్ని చూసింది, పళ్లెం చూసింది, నా చేతిలో గుడ్డ చూసింది. అంతే, ఎవరినీ ఏమీ అడగలేదు.

"ఏటే, ముసల్దాని పేరు అలగ ఊరంతటికీ ఇనపడేటట్టు సదువుతావేటి?"

"నీ పేరా?" అంది ఆమె.

"నా పేరు కాక మీ అత్త పేరా? మాయమ్మ ఎట్టిన పేరు. మీరంతా ముసలమ్మ, ముసలమ్మ అనీసి దాన్ని తినీసినారు. ఇన్ని పడవలకి ఎక్కించినాను, దింపినాను. ఒక్క పడవకైనా నా పేరుందా? సచ్చేలోగా ఓ మూల సూసుకుందామని ఈ రంగులోడి సేత నానే రాయించినాను. నీ మొగుడికి సెప్పనేదు. తప్పా?"

మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. "ముసల్దానికి ఇప్పుడు సోకొచ్చింది!" అని ఒకరు, "ఫొటో కూడా ఎట్టించుకో!" అని ఒకరు. తువ్వాలు తీసుకున్నతను మళ్లీ తెచ్చి పడవ మీద వేశాడు.

పడవ కొన్నతని భార్య నవ్వలేదు. చాలాసేపు ముసలమ్మ మొహంలోకి చూసింది. తర్వాత వంగి పళ్లెం తీసుకుంది. ఆ పేరుతోనే, చివర అత్తా అని చేర్చి పిలిచి, "రా, హారతందుకో" అంది.

"ఊఁ, వత్తన్నాను" అంది ముసలమ్మ. పుట్టినప్పటినుంచీ ఆ పేరుతోనే పిలిపించుకున్నదానిలా పలికింది.

ఆ రోజునుంచి ఊరంతా ఆవిడను ఆ పేరుతోనే పిలిచింది. ఆవిడ అసలు పేరు ఎరిగిన ఈడువాళ్లు ఎవరూ మిగలలేదు. కాదనేవాళ్లు లేరు. ఆవిడ మాత్రం మళ్లీ ఏ పడవ పేరూ దింపలేదు. దింపే మనిషి పేరు ఏ పడవ మీదా ఉండకూడదు, అది ఆవిడ తన అత్త దగ్గర నేర్చుకున్న నియమం. ఊరివాళ్లు పట్టించుకునేవారు కాదేమోగాని, వాళ్లు అడగడానికి ముందే సరుగుడు కర్ర తీసుకెళ్లి పొయ్యిలో పెట్టేసింది. తర్వాత వేరే ఊరినుంచి ఒకామెను పిలిచేవారు. ఆమె పైపైన తోమేది. ఇప్పుడు అదీ పోయింది. పాతదాని మీద ఒక పూత పూసి, ఎండగానే కొత్తపేరు రాయించేస్తున్నారు.

మర్నాడు నేను ఆవిడ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది.

"ఎన్ని ఇన్నావు?" అంది నన్ను చూడగానే.

"నాలుగు."

"మరింకేటి. కడుపులో ఎట్టుకో."

నేను ఏడ్చాను. ఊరందరిముందూ ఒప్పుకుంటానన్నాను.

"ఒప్పుకుని ఏటి సేత్తావు? నీ మనసు తేలికౌద్ది. ఆ పిల్ల కాపరం బరువౌద్ది. నానుండగా నోరిప్పకు. ఇది నీమీద ప్రేమ కాదు, ఇంటన్నావా?"

"వింటున్నాను."

"అయితే కూకో. సేపలు ఏపుతాను, తినీసి పో."

తిన్నాను. ఆ రోజు నాకు ఇంతకంటే శిక్ష వేయలేదు. కానీ ఏటా ఆ పడవకు రంగు వేసేటప్పుడు వెనకనున్న ఆ చిన్న పేరు కూడా నేనే తిరగరాయాలి. పద్నాలుగుసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ ఆవిడ వచ్చి పక్కన నిలబడి, తనది కాని పేరును తల వంచి చూసి, "కడుపు నిండింది" అనేది. మిగతా పడవలకు నన్ను పిలవడం ఎవరూ మానలేదు. నా పని నాకు మిగిలింది. ఆవిడ పని పోయింది.

ఆవిడ పెద్దకర్మ అయ్యాక అతను ఫోను చేశాడు. "బావా, పడవకి పేరు మారుత్తన్నాం. ఊరంతా ముసలమ్మ పేరే ఎట్టమంటన్నారు. ముందర, పెద్దగా రాయాల" అన్నాడు.

ఆ పేరును పెద్ద అక్షరాలతో, ఆ ఇల్లాలు రోజూ చూసేచోట, నేనే రాయాలి. నానుండగా నోరిప్పకు అంది ఆవిడ. ఇప్పుడు లేదు. రంగు డబ్బాలు పట్టుకుని వెళ్లానుగాని, మొదట పడవ దగ్గరికి పోలేదు. అతని భార్య ఇసుకలో వల పరిచి నెత్తళ్లు ఎండబెడుతోంది. కొంచెం దూరంలో అతను తాడు అల్లుతున్నాడు.

"చెల్లెమ్మా, ఒక మాట చెప్పాలి. ఆ పేరు ముసలమ్మది కాదు. ఆవిడ నాచేత రాయించలేదు. నీ మొగుడు పడవ చెవిలో చెప్పింది నేను దొంగతనంగా విన్నాను. విని, రాశాను. ఆవిడ మనందరి కోసం అడ్డం పడింది."

ఆమె చేపలు తిరగేయడం ఆపలేదు.

"నాకు తెలుసన్నా."

"ఎప్పటినుంచి?"

"ఆపూటే. ముసల్దానికి ఫించను కాయితం రాసింది నానే కదేటి. మా పెళ్లయిన రెండో ఏడు. పేరు అడిగితే సిగ్గుపడింది, రెండుసార్లు అడిగితే సెప్పింది. నా సేత్తో రాసినాను. అలాటిది నా మొకం మీద ఇంకో పేరు సెప్తే నమ్ముతానేటి?"

"మరి ఊరుకున్నావే?"

ఈసారి ఆమె తలెత్తింది. "నాకూ పోవాలని నేదన్నా. పళ్లెం కిందెట్టీసినాను, మాట అనీసినాను, ఇంక ఎవులైనా అడ్డం పడితే బాగున్ను అనుకున్నాను. ముసల్ది పడింది." మొగుడి వైపు చూసింది. నవ్వింది. "ఆ పేరుతో దాన్ని ఈదిలో గట్టిగా కేకేసినప్పుడల్లా ఈ మహానుబావుడు తల దించుకునీవోడు. పద్నాలుగేళ్లు. సాల్దేటి?"

అతను తాడు పక్కన పెట్టాడు. "సాల్దా అని నన్నడిగితే నానేటి సెప్తాను? నా మూలాన ముసల్ది దాని పేరు పోగొట్టుకుంది" అన్నాడు.

"అయితే ఇచ్చీ" అంది ఆమె. "దానిది దానికి ఇచ్చీ."

"ఊరికి తెలిసిపోద్ది."

"తెలిస్తే తెలియనీ. ఆ సుమ్మాదేవి ఊళ్లో ఆవిడా మనవల్నెత్తుకుంది, నానూ ఎత్తుకున్నాను. ఇంక ఎవులు ఎవులింటికి పోతారు?"

ఆమె లేచి, చేతులు కోకకు తుడుచుకుని, నా డబ్బాలో సుద్దముక్క తీసుకుని పడవ దగ్గరికి నడిచింది. ముక్కు పక్కన ముసలమ్మ అసలు పేరు రాసి చూపించింది. నేను అంతవరకూ ఆ పేరు వినలేదు. పదకొండేళ్లు పక్కన పనిచేసి, నాలుగు పడవల గుట్టు విన్నవాణ్ణి, ఆవిడ పేరేమిటని ఒక్కసారి కూడా అడగలేదు.

వెనకదీ, పక్కల మీదున్న అమ్మవారి పేరూ అతనే తోమాడు. తడి ఇసుకతో, ఆఖరి అక్షరం నుంచి మొదలుపెట్టి. పోటు తగ్గేదాకా ముగ్గురం కూర్చుని కాకుల్ని తోలాం. తర్వాత నేను రాశాను; ఆఖరి అక్షరంలో కొంచెం వదిలి, అతను పడవ చెవిలో కొత్తపేరు చెప్పేదాకా ఈసారి నిజంగానే దూరంగా పోయి నిలబడ్డాను. సాయంత్రానికి జనం చేరారు. ఒక పెద్దాయన కూడబలుక్కుని చదివి, "ఇదెవుల పేరు?" అన్నాడు.

"ముసలమ్మది. అసలుది" అంది ఆమె.

"మరి ఎనక ఉండేది?"

ఆమె నోరు తెరిచేలోపు నేను లేచాను. ఆ జవాబు ఆమె చెప్పవలసింది కాదు. విన్నది నేను, రాసింది నేను, ఆ రోజు నోరు మూసుకున్నదీ నేనే అని చెప్పాను. ఎవరి చెవిపేరో, ఎవరి ఇంటిదో చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే తెలిసినవాళ్లకు తెలిసింది.

ఆ పెద్దాయనే మళ్లీ అడిగాడు.

"ఇంకెన్ని ఇన్నావు?"

"మూడు."

"ఎవులివి?"

"నాతోనే పోతాయి మావా."

ఆయన నా బ్రష్షులు తుడిచి, డబ్బా మూత బిగించి, నా చేతికి అందించాడు. "మంచి రాతగాడివి బాబూ. ఇంక రాకు" అన్నాడు. కోపంగా అనలేదు. ఆటో దాకా తోడొచ్చి ఎక్కించాడు కూడా.

ఆ తర్వాత ఆ తీరంనుంచి నాకు ఫోను రాలేదు. కాశీబుగ్గలో షట్టర్లు, గోడలు రాసుకుంటున్నాను. బతకడానికి చాలు. వాళ్లు సరిగ్గానే చేశారు. నేను వాళ్ల చోట ఉంటే అంత మర్యాదగా సాగనంపగలిగేవాణ్ణో లేదో.

ఇంతసేపూ ఆవిడ పేరు రాయలేదు. రాసే చోట రాశాను. కావలసినవాళ్లు సంతబొమ్మాళి దాటి ఒడ్డుకు వెళ్లి చదువుకోవచ్చు. దూరంనుంచి కూడా కనపడుతుంది, పెద్ద అక్షరాలు.